పరిశోధక విద్యార్థికి దారిబత్తెము

(మా పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ వేదికమీదనుండి మేము చెప్పు మాటలు మీకు కంఠస్థమై యుండును. పిల్లల సంఖ్య, పైకప్పు మరమ్మత్తు, తెలుగు పాఠ్యపుస్తకములు ఆలస్యముగా వచ్చిన సంగతి, ఖాళీగా నున్న ఉపాధ్యాయ పదవి. ఆ నివేదికను ఈసారి అచ్చువేయించి మీ చేతికే ఇచ్చితిమి గనుక దానిని మరల చదివి మీ కాలము హరింపము. ఈ సాయంకాలము మన బడి గోడలకు ఆవల జరుగు ఒక విషయమునుగూర్చి మాటలాడ దలచితిమి. విశ్వవిద్యాలయములో పరిశోధన చేయు విద్యార్థికి జీవనము ఎట్లు గడచును? అతడు తాను కనుగొన్న దానిని పండితుల సభలో చదువుటకు దూరప్రాంతము పోవలసివచ్చినపుడు ఆ దారిఖర్చు ఎవరు పెట్టుదురు?

ఎనిమిదవ తరగతి వరకు గల బడిలో ఈ ప్రస్తావన ఏల అని కొందరికి తోచవచ్చును. మేము కుప్పములో ఇంటర్మీడియెటు చదివి, ఉపాధ్యాయ శిక్షణ ముగించి, ఈ బడిలో చేరినవారము. పరిశోధన అనునది మేము చేసిన పని కాదు. అయినను మాయొద్ద అక్షరములు దిద్దిన పిల్లలు ఇప్పుడు ఎం.ఏ., ఎమ్మెస్సీ ముగించి ఆ వాకిలివరకు పోవుచున్నారు. పోయి, అక్కడనుండి వెనుకకు తిరిగి, హోసూరు కర్మాగారములలో రోజుకూలికి చేరుచున్నారు. కర్మాగారపు పనిని మేము తక్కువ చేయుట లేదు. కాని పరిశోధనకు చేరినవానికి నెలనెల జీతమువంటిది ఇచ్చు ఏర్పాటు ఒకటి ఈ దేశములో నున్నదని తెలియక వెనుదిరిగిన వారిని మేము ఎరుగుదుము. తెలిసి వెనుదిరుగుట వేరు, తెలియక వెనుదిరుగుట వేరు.

మొన్న ఒక రైతు మా కార్యాలయమునకు వచ్చి, చెప్పులు వాకిట విడిచి, చాలసేపు నిలుచుండి, చివరకు ఇట్లడిగెను: "అయ్యవారూ, సదువుకునేవాళ్లకే దుడ్డు ఇస్తారంటనే, నిజమా? మనం కట్టేది కదా ఫీజు?" ఆయన సందేహము సహజమైనది. చదువనగా మనము చెల్లించునది అనియే మనకు తెలియును. పరిశోధన అనునది చదువని అనుకొనుటవలననే ఈ చిక్కు. పరిశోధన పని. ఉన్న జ్ఞానమును నేర్చుకొనుట చదువు. లేని జ్ఞానమును చేర్చుట పని. పని చేసినవానికి కూలి ఇత్తురు. దూరము పంపినయెడల దారిబత్తెము కట్టి ఇత్తురు. మన పెద్దలు బండ్లు కట్టి సంతలకు పంపిన కాలమున పాలేరునకు బత్తెము కట్టకుండ ఎవరైన పంపిరా?

ఇందుకు తగిన ఉదాహరణ మన చెన్నపట్టణ విశ్వవిద్యాలయ చరిత్రలోనే కలదు. శ్రీనివాస రామానుజన్ పేరు మన మూడవ తరగతి పిల్లలకును తెలియును. గొప్ప గణితవేత్త, పేదవాడు, సీమకు పోయెను, చిన్న వయస్సున చనిపోయెను. ఇంతవరకు అందరును చెప్పుదురు. ఆయనకు నెలనెల ఎవరు ఎంత ఇచ్చిరి అను లెక్కను మాత్రము ఎవరును చెప్పరు. మేము ఆ లెక్కయే చెప్పుదుము.

కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో 1904లో చేరినపుడు ఆయనకు విద్యార్థివేతనము ఉండెను. గణితములో మునిగి తక్కిన పాఠములు వదలివేయుటచేత అది ఊడిపోయెను. 1905లో ఇంట చెప్పకుండ బయలుదేరి విశాఖపట్టణము పోయెను. తరువాత చెన్నపట్టణమున పచ్చయ్యప్ప కళాశాలలో చేరినను ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు. ఆనాటి ఎఫ్.ఏ. అనగా తరువాతి ఇంటర్మీడియెటు. కాగితము చూచినయెడల మేము ఆయనకంటె ఒక మెట్టు పైన నున్నామని మా సహోపాధ్యాయులతో హాస్యమాడుచుందుము. కాగితమును మాత్రమే చూచువారికి అంతకుమించి ఏమి కనబడును?

1910లో ఆయన తన నోటుపుస్తకములు చంకబెట్టుకొని నెల్లూరు కలెక్టరుగా నున్న దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావుగారి దర్శనమునకు పోయెను. ఆ కలెక్టరుగారు గణితాభిమాని. కొంతకాలము నెలకు 25 రూపాయలు తమ చేతినుండి ఇచ్చిరి. కాని ఒకరి దయమీద బ్రతుకుట రామానుజన్‌కు రుచింపలేదు. 1912లో చెన్నపట్టణపు రేవు కార్యాలయమున నెలకు 30 రూపాయల గుమాస్తా పనిలో చేరెను. ఇక్కడ ఒక్క నిమిషము ఆగి ఆలోచింపవలసి యున్నది. దాత ఇచ్చిన 25 రూపాయలు వద్దని, పని చేసి సంపాదించు 30 రూపాయలకు పోయిన మనిషి ఆయన. ఆయనకు కావలసినది దానము కాదు.

1913 జనవరిలో ఆయన కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు జాబు వ్రాసిన సంగతి మీకు తెలిసినదే. ఆ తరువాత వాతావరణశాఖ అధిపతియైన గిల్బర్టు వాకరుగారు ఆ నోటుపుస్తకములు చూచి, ఈతనిని గుమాస్తా పనినుండి విడిపించుడని విశ్వవిద్యాలయమునకు వ్రాసిరి. గణితశాస్త్ర పాఠ్యమండలి సమావేశమై నెలకు 75 రూపాయలు రెండేండ్లపాటు పరిశోధక వేతనముగా నిచ్చుటకు సిఫారసు చేసినది. అప్పుడు నిబంధన అడ్డువచ్చెను. ఆ వేతనము ఎం.ఏ. పట్టము గలవారికే. ఈయనకు ఎఫ్.ఏ. కూడ లేదు. అయినను విశ్వవిద్యాలయ శాసనములో పరిశోధనను ప్రోత్సహించుట ఒక ధర్మముగా వ్రాసియున్నది కదా యని పెద్దలు వాదించి ఆ వేతనమును మంజూరు చేయించిరి. 1913 మే నెలనుండి అది చెల్లినది. మూడు నెలల కొకసారి తాను చేసిన పనిని వ్రాసి సమర్పింపవలెను. అంతకుమించి షరతు లేదు.

30 రూపాయల గుమాస్తాకు 75 రూపాయలు. రెండున్నర రెట్లు. ఇది మేము నొక్కి చెప్పుటకు కారణము కలదు. ఇంట తల్లిదండ్రులు, భార్య గలవాడు చేతిలోని ఉద్యోగము వదలి పరిశోధనకు రావలెనన్న, వచ్చు వేతనము వదలిన జీతముకంటె తక్కువ కారాదు. ఆనాటి పెద్దలకు ఈ లోకజ్ఞానము ఉండెను.

1914లో ఆయన సీమకు పోవలసి వచ్చినది. కేంబ్రిడ్జినుండి ఉపన్యాసములకు వచ్చిన నెవిల్ అను పండితుడు ధనసహాయము కోరుచు విశ్వవిద్యాలయమునకు వ్రాసెను. విశ్వవిద్యాలయము ఏటికి 250 పౌనుల వేతనమును, ఓడ ఖర్చును, బట్టలు మొదలగు వానికి కొంత సొమ్మును మంజూరు చేసినది. పౌనునకు 15 రూపాయల చొప్పున ఆ 250 పౌనులు 3,750 రూపాయలగును. అందులోనుండి నెలకు 60 రూపాయలు కుంభకోణములోని తల్లిదండ్రులకు నేరుగా పంపు ఏర్పాటు జరిగినది. 1914 మార్చి 17న ఆయన ఓడ ఎక్కెను. ఇంటి పొయ్యి ఆరదను ధైర్యము లేనిదే కొడుకు ఓడ ఎక్కలేడని గ్రహించి ఆ 60 రూపాయల పద్దు వ్రాసిన వాని పేరు మాకు తెలియదు గాని, ఆ పద్దును మా ఎనిమిదవ తరగతి లెక్కల పాఠములో మేము ప్రతి సంవత్సరము చెప్పుచున్నాము.

ఇంకొక పద్దు కలదు. 1918లో రామానుజన్ రాయల్ సొసైటీ సభ్యుడైన పిదప విశ్వవిద్యాలయము ఆయనకు మరల ఏటికి 250 పౌనులు ఐదేండ్లకు ఇచ్చుటకు నిశ్చయించినది. జబ్బుతో నున్న ఆయన 1919 జనవరిలో విశ్వవిద్యాలయ కార్యదర్శికి జాబు వ్రాయుచు, ఈ ధనము తనకు అవసరమైన దానికంటె ఎక్కువయనియు, తల్లిదండ్రులకు ఏటికి 50 పౌనులు పంపి తన ఖర్చులు పోను మిగిలినదానిని పేద, అనాథ బాలుర ఫీజు తగ్గించుటకును బడులకు పుస్తకములు కొనుటకును వినియోగింపవలెననియు కోరెను. పరిశోధకునకు ఇచ్చిన సొమ్ము తిరిగి బడి వాకిలికి వచ్చుట ఇట్లుండును. 1920 ఏప్రిల్ 26న ఆయన మరణించుటచేత ఆ ఐదేండ్లు పూర్తికాలేదు.

ప్రయాణమువలన లాభమేమి, జాబులు వ్రాసికొనిన చాలదా అని మన సంఘ సమావేశమున ఒక పెద్దమనిషి ప్రశ్నించిరి. మంచి ప్రశ్నయే. సర్ సి. వి. రామన్‌గారు (విశాఖపట్టణమున బాల్యవిద్య గడపినవారు గనుక మనవారనియు చెప్పుకొందము) 1921లో కలకత్తా విశ్వవిద్యాలయ ప్రతినిధిగా ఆక్స్‌ఫర్డులో జరిగిన విశ్వవిద్యాలయముల మహాసభకు పోయిరి. అది భౌతికశాస్త్ర సభయే కాదు. తిరుగు ప్రయాణమున నర్కుందా అను ఓడమీద మధ్యధరా సముద్రపు నీలవర్ణము చూచి, అది ఆకాశపు నీడ మాత్రమే యను పాతమాట సరికాదని తోచి, చేతిలోనున్న చిన్న పరికరములతో ఓడమీదనే పరీక్షలు చేసిరి. ఆ ఆలోచన పెరిగి పెరిగి 1928లో రామన్ ఫలితమైనది. ఓడ టికెట్టు కొన్నవారు దీనిని ఊహించి కొనలేదు. మరి ప్రతి ప్రయాణికునకును సముద్రము రహస్యము చెప్పునా? చెప్పదు. చాలమంది పోయి, తమ వ్యాసము చదివి, ఇద్దరు ముగ్గురు తమ పనివంటి పనియే చేయువారిని కలిసికొని, తమ తప్పులు కొన్ని తెలిసికొని వత్తురు. ఆ మాత్రము చాలును. గ్రామమున ఒంటరిగా కూర్చుండి వ్రాయువానికి తన తప్పు చెప్పగలవాడు ఎక్కడనో నాలుగువందల కోసుల దూరమున నుండును.

విశ్వవిద్యాలయమే అంతయు చేయవలెనని లేదు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ మన సంఘమువంటి సంఘములకు మరింత దగ్గరిది. ఆయన అమెరికాలోని హార్వర్డునకు పోవుటకు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయము చేసెదమని మాట ఇచ్చినది. మామగారు కొంత సమకూర్చిరి. ఆ నాయకరుగారు ఎవరు? రంగూను పోయి, అక్కడ వ్యాపారము చేసి, సంపాదించిన దానిని విద్యకును ధర్మమునకును వ్రాసిపోయిన తెలుగు వర్తకుడు. పరదేశమున బ్రతికిన తెలుగువాని సొమ్ము ఇంకొక తెలుగువానిని పరదేశమునకు పంపినది. అయినను ఆ సహాయము చాలలేదు. సుబ్బారావుగారు బోస్టనులో రాత్రిపూట ఆసుపత్రి పనివానిగా మలమూత్ర పాత్రలు కడిగి పొట్టపోసికొనిరి. 1925లో ఫిస్కేగారితో కలిసి రక్తమునందును మూత్రమునందును భాస్వరము కొలుచు పద్ధతిని ప్రకటించిరి. నేటికిని అది వారిద్దరి పేరుతోనే పిలువబడుచున్నది. కొందరు ఈ కథ చెప్పి, కష్టపడినవాడే పైకి వచ్చును, సహాయమెందుకు అందురు. మేము అట్లనుకొనము. రాత్రులు పాత్రలు కడిగిన గంటలు ప్రయోగశాలలో గడచియుండిన ఏమయ్యెడిదో ఎవరు చెప్పగలరు? ఆయన 1948లోనే పోయిరి. అట్టివానికి రాత్రులు లెక్కయే.

ఇక నేటి సంగతి. వినుచున్న పూర్వవిద్యార్థులు కాగితముమీద వ్రాసికొనుడు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము 1953లో ఏర్పడి 1956లో శాసనబద్ధమైనది. ఏటికి రెండుమారులు జరుగు జాతీయ అర్హత పరీక్షలో, అనగా మీరు నెట్ అను పరీక్షలో, పై వరుసలో వచ్చినవారికి జూనియర్ పరిశోధక వేతనము ఇత్తురు. 2023 జనవరి 1 నుండి అది నెలకు 37,000 రూపాయలు. రెండేండ్ల పిదప పని తృప్తికరమైనయెడల 42,000. ఇంటి అద్దె భత్యము వేరు. పుస్తకములకును ప్రయాణములకును చిల్లర ఖర్చులకును సాహిత్య, సాంఘిక శాస్త్రములవారికి తొలి రెండేండ్లు ఏటికి 10,000, తరువాత 20,500 రూపాయలు. విజ్ఞానశాస్త్రములవారికి ఇది కొంచెము ఎక్కువ. ఈ పరీక్ష తెలుగు సాహిత్యములోను వ్రాయవచ్చును. ఈ మాట మేము మరల చెప్పుచున్నాము: తెలుగులో ఎం.ఏ. చేసినవారును వ్రాయవచ్చును. మన ఇరుగుపొరుగున కుప్పములో 1997లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము కలదు. చెన్నపట్టణ విశ్వవిద్యాలయమున తెలుగుశాఖ కలదు. మైసూరు మనకు ఎంత దూరము?

ఆ పరీక్షలో పై వరుసలో రానివారి పాట్లు వేరు. కేంద్ర విశ్వవిద్యాలయములలో అట్టివారికి చిన్న వేతనము కలదు. 2015లో దానిని ఎత్తివేయుటకు నిశ్చయింపగా విద్యార్థులు ఢిల్లీలో నిధుల సంఘపు కార్యాలయము ముందు రాత్రింబగళ్లు కూర్చుండిరి. అది నిలిచినది. ఆ అలజడినాటికి ఆ మొత్తము నెలకు 8,000 రూపాయలు. రాష్ట్ర విశ్వవిద్యాలయములలో పెక్కుచోట్ల ఆ పాటియు లేక, విద్యార్థియే ఫీజు కట్టి పరిశోధన చేయుచున్నాడు. రైతు అడిగిన ప్రశ్న అక్కడ నిజమే అగుచున్నది. మరొక చివర, 2018లో ఆరంభించిన ప్రధానమంత్రి పరిశోధక వేతన పథకమున, పెద్ద విజ్ఞాన సంస్థలలో చేరినవారికి నెలకు 70,000 మొదలుకొని 80,000 వరకును, ప్రయాణాదులకు ఏటికి 2 లక్షలును నిర్ణయించిరి. ఒకే దేశములో ఒకే పని చేయువారిలో ఒకనికి బండినిండ బత్తెము, ఇంకొకనికి మూటకూడ లేదు.

అమెరికా మాట కూడ చెప్పి ముందుకు పోదుము. మన ఊళ్లలో ఎం.ఎస్. చదువునకని పొలము కుదువబెట్టి ముప్పది, నలుబది లక్షలు అప్పుచేయువారు పెరుగుచున్నారు. ఆ చదువునకు అక్కడ సాధారణముగ మనమే చెల్లింపవలెను. అదే పెద్ద పరిశోధన విశ్వవిద్యాలయములలో డాక్టరేటునకు ప్రవేశము దొరకినయెడల, చాలవరకు ఫీజు మాఫీ చేసి, పాఠము చెప్పుటకో ప్రయోగశాలలో పని చేయుటకో నెలజీతమిత్తురు. సభలకు పోవుటకు శాఖవారును విద్యార్థి సంఘమువారును కొన్ని వందల డాలర్లు వేరుగ ఇచ్చుటయు అచ్చట వాడుక. అందరికిని ఆ ప్రవేశము దొరకదు. అది కష్టమైన దారి, ఐదారేండ్ల దారి. అయినను అట్టి దారి యొకటి కలదని పత్రము వ్రాయకముందు తెలిసియుండవలెను గదా!

ఇప్పుడు మా మనస్సులోని అసలు విషయమునకు వచ్చుచున్నాము.

మన పూర్వవిద్యార్థిని యొకతె, పేరు చెప్పము, ఒక విశ్వవిద్యాలయమున తెలుగు పరిశోధన చేయుచున్నది. వేతనము తెచ్చు పరీక్షలో కొద్ది మార్కులలో తప్పినది. ఆమె విషయము మన కృష్ణగిరి, హోసూరు, దెంకణికోట పల్లెల వ్యవసాయపు మాటలు. ఇందులో ఏమున్నది అందురేమో! బావినుండి ఎద్దులతో నీరు తోడు సాధనమును మనము కపిల అందుము. పైప్రాంతములవారు మోట అందురు. మన కన్నడ పొరుగువారు కపిలె అందురు, తమిళులు కవలై అందురు. ఒకే మాట మూడు భాషల వాకిళ్లలో ఎట్లు తిరిగినదో ఆ పిల్ల వ్రాసికొనుచున్నది. కపిలకు ఎన్ని భాగములు, తోలుసంచి నోటికి పేరేమి, దిగుడు బాటకు పేరేమి, ఎద్దులు వెనుకకు నడచునపుడు పాడు కూతకు పేరేమి. కరెంటు మోటారు వచ్చిన తరువాత పుట్టినవారికి ఇవి తెలియవు. తెలిసినవారికి డెబ్బదియైదు, ఎనుబది ఏండ్లు. ఆమె ఈ ఏడు ఒక పల్లెలో ఒక ముసలాయనను కలిసి సగము మాటలు వ్రాసికొని, మిగిలినవి రాగి కోతల తరువాత వ్రాసికొందునని వచ్చినది. కోతలు ముగియులోపల ఆయన పోయెను.

వెనుక 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ వృత్తిపదములతో మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటమును వెలువరించిరి. పల్లెపల్లెకు మనుషులను పంపి రైతుల నోటినుండి మాటలు ఏరించిన గ్రంథమది. ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు ఆ పని జరిగినది. ఎల్లకు ఈవల నున్న మన పల్లెలకు ఎవరు రావలెను? మన పిల్లలే పోవలెను. పోవుటకు బస్సుచార్జి కావలెను.

ఆ పిల్ల వ్యాసము నిరుడు ఉత్తరదేశమున జరిగిన ఒక భాషాశాస్త్ర సభకు ఎంపికైనది. మా యొద్దకు వచ్చి లెక్క చూపినది. సభ్యత్వరుసుము 3,000. రెండువైపుల రైలు 2,400. నాలుగు దినముల బస, భోజనము 5,000. ఒంటరిగా పంపనని తల్లి పట్టుబట్టుటచేత తోడుపోవు పినతల్లి ఖర్చు ఇంచుమించు అంతే. ఆమె విశ్వవిద్యాలయములో ప్రయాణ సహాయము లేకపోలేదు. నిబంధనలు ఇవి: ముందుగా సొంతడబ్బుతో పోవలెను, తిరిగివచ్చిన పిదప టికెట్లు, రసీదులు, సభవారి ధ్రువపత్రము జతచేసి దరఖాస్తు పెట్టుకొనవలెను, సగము మంజూరగును, అదియు ఆ సంవత్సరపు పద్దులో సొమ్ము మిగిలినయెడల. ముందు సొమ్ము ఉన్నవానికే వెనుక సొమ్ము ఇచ్చు నిబంధన యిది. గుమాస్తాలను మేము తప్పుపట్టము. రసీదు లేనిదే ఖజానానుండి పైసా కదలరాదనుట న్యాయమే. మన బడి సున్నపు ఖర్చునకు మేమును రసీదు అడుగుచున్నాము. కాని ఖర్చునకును చెల్లింపునకును నడుమ నున్న ఆ ఆరు నెలలను దాటించు బల్లకట్టు ఏది? పట్టణమున ఉద్యోగస్తుల బిడ్డకు అది తండ్రి జేబు. టమాటా ధర పడిపోయిన ఏట మన రైతు బిడ్డకు అది చెవికమ్మలు. తల్లి కమ్మలు తీసి ఇచ్చెదనన్నది. ఆ పిల్ల వద్దన్నది. సభకు పోలేదు. అట్టి సభలలో వ్యాసకర్త రానియెడల వ్యాసము చదువబడదు. జాబితాలో పేరు అచ్చయినది, ఎదుట గైరుహాజరు అని.

అందుచేత మేము సంఘమునకు ఒక కోరిక వ్రాసి ఇచ్చితిమి. మీలో కొందరికి అది కోపము తెప్పించినదని విన్నాము. బడికి సింహద్వారము కట్టుటకు సంఘము మూడున్నర లక్షలు అంచనా వేసి, అందులో రెండు లక్షల పదివేలు ఇదివరకే వసూలు చేసినది. ఆ రెండు లక్షలను ద్వారమునకు గాక పరిశోధక విద్యార్థుల చేబదులు నిధిగా బ్యాంకులో నుంచవలెనని మా కోరిక. ద్వారముమీద తెలుగు అక్షరములు చెక్కింతుమనియు, దారిన పోవువారు చూచి ఇక్కడ తెలుగువారున్నారని తెలిసికొందురనియు పెద్దలు చెప్పుచున్నారు. ఆ అభిమానమును మేము గౌరవింతుము. అయితే మనము ఇక్కడ ఉన్నామని రాయి చెప్పుటకంటె, దేశములోని పండితుల యెదుట మన పిల్ల లేచి నిలువబడి మన కపిల మాటలు చెప్పుట మేలని మా తలంపు. ద్వారము పైయేడు కట్టవచ్చును. ఎనుబది ఏండ్ల రైతు పైయేటికి ఉండునో లేదో!

నిధి నడచు తీరు సంగ్రహముగా మనవి చేయుదుము. సభకు గాని, పల్లెలు తిరిగి విషయము సేకరించుటకు గాని, విద్యార్థికి వడ్డీ లేకుండ ముందుగా సొమ్ము ఇత్తుము. విశ్వవిద్యాలయము చెల్లించినపుడు అతడు ఆ మేరకు తిరిగి జమకట్టును. విశ్వవిద్యాలయము సగమే చెల్లించినయెడల మిగిలిన సగము సంఘపు కానుక. ఒకరికి ఒకేసారి 15,000 రూపాయలు మించరాదు; ఆడపిల్లకు తోడు పోవువారి రైలుచార్జి మాత్రము వేరుగ లెక్కింపవలెను. రసీదులు మాకు అక్కరలేదు, విశ్వవిద్యాలయమునకు పెట్టిన వాని నకలు చాలును. మేము విధించు షరతు ఒక్కటే: తిరిగివచ్చిన నెలలోపల మన బడికి వచ్చి, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు, తాను ఏమి చదివెనో, ఎవరు ఏమి అడిగిరో, ఎక్కడ సమాధానము తోచక నిలిచెనో, తెలుగులో ఒక గంట చెప్పవలెను.

మన సొమ్ముతో ఊళ్లు చూచి వత్తురా అని కోశాధికారిగారు చతురోక్తిగా అన్నారు. చూడనిండు! మన ఊరు దాటి మూడు వందల మైళ్లు చూడని పిల్లలు వారు. మొదటిసారి రైలులో రెండు రాత్రులు గడపి, తెలియని భాషల నడుమ దిగి, తన వ్యాసము చదివి వచ్చిన పిల్ల ముఖములో మార్పు వచ్చును. అదియు చదువులోని భాగమే. సొమ్ము తిరిగి రాదని భయపడువారికి మాత్రము ఒక మాట. మనలో పెండ్లికి చేబదులిచ్చి తిరిగి రానివారు ఎందరు లేరు? ఆ అప్పులను మనము మరచితిమి. ఇదియు కొంత పోవును. ఐదుగురిలో ఒకరిది పోవునని ముందే వ్రాసికొని నడపుట మంచిది. నిధి కొంత తరుగును, మనము ఏటేట కొంత పోయుచుండవలెను.

ఇంకొక చిన్నపని డబ్బుతో నిమిత్తము లేనిది. అర్హత పరీక్ష దరఖాస్తు తేదీలు, వేతనముల వివరములు, సభల ప్రకటనలు తెలుగులో వ్రాసి, మన బడి వాకిట నల్లబల్లమీదను సంఘపు వాట్సాపు బృందములోను ఉంచవలెను. ఈ పని మేము మా సహోపాధ్యాయులతో కలిసి జూన్ నుండి చేయుచున్నాము. బల్లముందు నిలిచి చదువువారిలో తండ్రులు ఎక్కువ, కొడుకులు తక్కువ. అయినను సరే, ఇంటికి పోయి చెప్పుదురు.

ఆ పిల్ల వ్యాసము మరల ఎంపికైనది. ఈమారు సభ డిసెంబరు మూడవ వారమున. రైలు టికెట్టు అరువది దినములు ముందుగానే తీయవచ్చును. పండుగ దినములు గనుక మొదటి దినమున తీయనిచో దొరకదు. అనగా అక్టోబరు ఇరువదిలోపల సొమ్ము ఆమె చేతికి చేరవలెను. కార్యవర్గము వచ్చే ఆదివారము ఉదయము పది గంటలకు మన ఎనిమిదవ తరగతి గదిలో కూడుచున్నది. అభిప్రాయభేదము గలవారు కూడ దయచేసి రండు. గుగ్గిళ్లు, టీ మా ఇంటినుండి వచ్చును.